కడ్డీలు లేవన్నవాడు

“ఈ మూత ఎవరు తీశారు?”

సుహైలా అరిచే మనిషి కాదు. ఆ రోజూ అరవలేదు. కానీ ఆ గొంతు విన్నాక, కిటికీ దగ్గర టీ గ్లాసుతో నిలబడ్డ కొత్త మనిషికి ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

“నేనేనండీ,” అన్నాడు. “ఖాళీ గిన్నె అనుకున్నాను. గ్లాసు పెట్టుకుందామని కాస్త జరిపాను.”

“జరిపారు కూడానా?”

“కాస్తే.”

ఆమె బల్ల మీదికి వంగి చూసింది. గాజు గిన్నె అడుగున పొద్దుటిదాకా నారింజ రంగులో మెరిసిన పలచని తడి ఇప్పుడు లేదు. మరకలు మరకలుగా ఎండిపోయి ఉంది.

“ఇది శుక్రవారం నుంచి ఆరుతోంది. నెమ్మదిగా ఆరితేనే లోపలి స్ఫటికాలు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. గాలి తగిలితే గబుక్కున ఎండి కుప్పపడిపోతాయి. మీరు గాలి తగలనిచ్చారు, కదిపారు, పైగా టీ ఆవిరి పట్టించారు.”

“ఆవిరి నా కళ్ళద్దాలకే పట్టింది. గిన్నెదాకా వెళ్ళలేదు.”

అతనిది నైలు ఎగువ ఊళ్ళ యాస అని పట్టేసింది సుహైలా. “మీది దక్షిణాదా?”

“అస్యూత్.”

“అనుకున్నాను.”

“మా అస్యూత్‌లో కూడా గిన్నెలకి మూతలుంటాయండీ. కాకపోతే మూత కింద తినేవి ఉంటాయి. అందుకే కనబడగానే తీస్తాం.”

ఆమెకు నవ్వు రాబోయింది. పాడైన పనిని చూసి ఆపుకుంది.

అతని పేరు హాతిమ్. అలెగ్జాండ్రియాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ పరిశోధనా సంస్థలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చూసుకోవడానికి ఆ వారమే చేరాడు. యంత్రం నేలమాళిగలో ఉంటుంది. పైన వీధిలో ట్రామ్ వెళ్ళినప్పుడల్లా తెర మీద బొమ్మ వణుకుతుంది. అది దాటిపోయేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి.

సుహైలా పై అంతస్తులో స్ఫటికాలు పెంచుతుంది. అవి కంటికి ఆనవు. వెంట్రుక మందాన్ని వేల ముక్కలు చేస్తే వాటిలో ఒక ముక్కంత ఉంటాయి. మైనంలాంటి పదార్థాన్ని గాజు కుప్పెలో కరిగించి, బాగా కాగాక, లోహం కలిసిన ద్రావణాన్ని సిరంజితో ఒక్క ఊపున అందులోకి ఎక్కిస్తుంది. ఆ క్షణమే కుప్పెలో రంగు పుడుతుంది. ముందు లేత పసుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత ఎరుపు. స్ఫటికం పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది. సరైన చోట వేడి తీసెయ్యాలి. ఆలస్యమైతే చిన్నవి కరిగి, వాటి సరుకంతా పెద్దవాటికి చేరుతుంది. ఒక్కొక్కటి ఒక్కో సైజులో మిగులుతాయి. అలాంటివాటిని ఎంత ఓపికగా ఆరబెట్టినా వరసలో నిలబడవు.

మామూలుగా అవి గుండ్రంగా పెరుగుతాయి. రెండేళ్ళ కిందట సుహైలా చేతిలో కడ్డీలుగా పెరిగాయి. అన్నీ ఒకే పొడవు, ఒకే మందం. ఆరబెడితే పెట్టెలో అగ్గిపుల్లల్లా నిటారుగా, పక్కపక్కన నిలబడ్డాయి. ఆమె గైడు ప్రొఫెసర్ వగీహ్ ఆ ఫోటోలను ఎన్నో దేశాల సభల్లో చూపించాడు. వ్యాసం అచ్చయింది. సంస్థకు పేరొచ్చింది, నిధులొచ్చాయి.

ఆ తర్వాత ఆ కడ్డీలు మళ్ళీ రాలేదు.

ఎన్నిసార్లు చేసినా గుండ్రటివే వచ్చాయి. బయటి దేశాల వాళ్ళు తమకూ రావడం లేదని రాశారు. ఆ ఫోటోలు అసలు ఆమె నమూనావేనా అని కారిడార్‌లో గుసగుసలు మొదలయ్యాయి. అవి తీసిన పాత మైక్రోస్కోప్ ఆపరేటర్ చనిపోయాడు. అడగడానికి మనిషి లేడు.

ఆ పరిస్థితిలో సుహైలా తన నమూనాలు పట్టుకుని నేలమాళిగ మెట్లు దిగడం మొదలుపెట్టింది.

“మళ్ళీ ట్రామ్,” అన్నాడు హాతిమ్, వణుకుతున్న తెర ముందు చేతులు కట్టుకుని. “ఈ ఊళ్ళో ఎవరికీ నడక రాదా?”

“ట్రామ్‌ని ఏమీ అనకండి. మా నాన్న ఈ లైన్‌లోనే నడిపేవాడు.”

“అయితే నాకు ముందున్నాయన బొమ్మలు చెరిపింది మీ నాన్నగారన్నమాట.”

“మా నాన్న మెల్లగా నడిపేవాడు.”

“మరి ఆయన్ని ఎందుకు రిటైరవనిచ్చారు? మళ్ళీ పిలిపించండి.”

ఈసారి ఆమె నవ్వేసింది. ఆ గదిలో ఆ చలికాలమంతా అలాగే గడిచింది. అతను తెర చూసేవాడు, ఆమె అతని మొహం చూసేది. కడ్డీలు కనబడితే ఆ మొహంలోనే ముందు తెలుస్తుందని ఆమె ఆశ. అతను ప్రతిసారీ తల అడ్డంగా ఊపి, ఇంకో చోటికి జరిపి, అక్కడా వెతికేవాడు. తొందరపడి లేదనేవాడు కాదు. ఆ శ్రద్ధ ఆమెకు నచ్చింది.

జనవరి తుపానులో ఒక సాయంత్రం ఇద్దరూ తీరం రోడ్డు మీద చిక్కుకుపోయారు. అలలు గోడ దాటి రోడ్డు మీద పడుతున్నాయి. పరుగెత్తి, ఫూల్ అనే చిక్కుళ్ళ వంటకం అమ్మే చిన్న కొట్టులో దూరారు. కొట్టువాడు ఉడికిన చిక్కుళ్ళ మీద నూనె, నిమ్మరసం పోసి, వేడి రొట్టెలతో వాళ్ళ ముందు పెట్టాడు.

హాతిమ్ తినకుండా సముద్రం వైపే చూస్తున్నాడు.

“ఏమిటలా చూస్తున్నావు?” అంది సుహైలా. మీరు కాస్తా నువ్వయిందని ఇద్దరూ గమనించారు. 

“మా ఊళ్ళో నైలు ఉంది. అవతలి ఒడ్డు కనబడుతుంది. దీనికి అవతలేముందో కనబడదు. చిన్నప్పట్నుంచీ దీని పక్కనే ఉండి నీకు భయమెయ్యలేదా?”

“ఇప్పుడేస్తోంది,” అంది ఆమె. “సముద్రమంటే కాదు. నాలుగేళ్ళు చేసిన పని అబద్ధమైపోతుందేమోనని.”

అతని కళ్ళద్దాల నిండా చినుకులు. ఆమె చెయ్యి చాచి వాటిని తీసి, తలకు కట్టుకున్న స్కార్ఫ్ అంచుతో తుడిచి ఇచ్చింది. అద్దాలు పెట్టుకున్నాక అతను సముద్రం వైపు చూడలేదు.

ఫిబ్రవరిలో సంస్థ పెద్దలు సమావేశం పెట్టారు. దానికి ముందు రోజు మధ్యాహ్నం హాతిమ్ ఆమెను కిందికి పిలిచాడు. యంత్రం ఆపేసి ఉంది.

“రేపు నన్ను అడుగుతారు. ఈ చలికాలం నేను చూసిన నమూనాల్లో కడ్డీలున్నాయా అని.”

“ఏం చెప్తావు?”

“లేవని.”

ఆమె స్టూలు మీద కూర్చుంది.

“వగీహ్ గారు పొద్దున పిలిచారు,” అన్నాడతను. “రెండు గుండ్రటివి అతుక్కున్న చోటు ఎక్కడో ఉంటుంది, పొడుగ్గా కనబడుతుంది, అది ఫోటో తీసి చూపించు చాలన్నారు. నేను తియ్యనన్నాను.”

“నేను కూడా అది అడగను. అది కడ్డీ కాదని నాకు తెలీదా?” ఆమె గొంతు తగ్గించింది. “ఇంకా చూడాల్సినవి ఉన్నాయని చెప్పు హాతిమ్. కొంచెం టైమ్ అడుగు. ఈలోగా ఎక్కడ తప్పు జరుగుతోందో పట్టుకుంటాను.”

“చూడాల్సినవి ఏమీ మిగల్లేదు. అన్నీ చూశాను.”

“నా కోసం.”

పైన ట్రామ్ వెళ్ళింది. బల్ల మీది గాజు పలకలు సన్నగా చప్పుడు చేశాయి. అది దూరమయ్యేదాకా అతను వాటిని చేత్తో అదిమి పట్టాడు.

“నీ కోసమని ఒకసారి చెప్పానంటే, ఇక నేను ఎప్పుడేం చెప్పినా ఎవరూ నమ్మరు. నువ్వూ నమ్మవు.”

సుహైలా లేచి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు సమావేశానికి డాక్టర్ ఇన్సాఫ్ పెద్దగా కూర్చుంది. తెల్లజుట్టు, చేతికర్ర, వినపడని చెవి ఒకటి. ఆవిడ హాతిమ్ వైపు మంచి చెవి తిప్పి అడిగింది. అతను నిలబడి చెప్పాడు.

“లేవండి. ఒక్కదాంట్లోనూ లేవు.”

గది చివర కూర్చున్న సుహైలా ఆ మాట విన్నది. వేసవి సెలవుల్లోపు మళ్ళీ చేసి చూపించకపోతే వ్యాసం వెనక్కి తీసుకుంటారనీ, ఆమె డాక్టరేట్ ఆగిపోతుందనీ నిర్ణయించారు. బయటికి వస్తూ హాతిమ్ ఆమె పక్కన ఆగాడు. ఆమె ఆగలేదు.

ఆ తర్వాత వాళ్ళ మధ్య మాటల్లేవు. మెట్ల మీద ఎదురైతే ఆమె గోడవైపు జరిగేది. నమూనాలు కిందికి పంపడం మానేసింది. పంపడానికి కొత్తగా ఏమీ లేదు కూడా.

ఇంట్లో ఆమె తండ్రి హనఫీ కొన్నాళ్ళు ఊరుకున్నాడు. ఒకరోజు బాల్కనీలో పక్కన కూర్చుని అడిగాడు.

“మానేస్తావా అమ్మా?”

“మానేస్తే నిజంగానే అబద్ధం చెప్పానంటారు నాన్నా.”

“ఆ దక్షిణాది కుర్రాడేగా ఇదంతా చేసింది?”

ఆమె కింద వీధి వైపు చూసింది. ఆయన దాన్ని అవుననే అర్థం చేసుకున్నాడు.

సుహైలా మొదటినుంచీ అన్నీ మళ్ళీ చూసుకుంది. కుప్పె అదే. వేడి అంతే. సిరంజి అదే. అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది? మారినదొక్కటే. ఆ మైనంలాంటి పదార్థాన్ని అప్పట్లో కైరోలో ఒక డీలరు దగ్గర చవగ్గా కొన్నారు. పచ్చగా ఉండేది, ముక్కు మూసుకోవాల్సిన వాసన. పేరొచ్చాక, చేతిలో నిధులున్నాక, ఆమే పట్టుబట్టి బయటి దేశం నుంచి శుద్ధమైనది తెప్పించింది. తెల్లగా ఉంది, వాసన లేదు. శుద్ధమైనది వాడితే పని బాగుపడాలి గానీ చెడదు కదా. అలా అనుకునే ఇన్నాళ్ళూ ఆమె చూపు అటు పోలేదు.

ఆ డీలరు కొట్టు మూసేశాడు. కానీ అదే సరుకు కొన్న స్నేహితురాలు ఒకామె తంతా అనే ఊళ్ళో ఉంది. సుహైలా రైలెక్కి వెళ్ళి ఆమె అలమారలో అడుగున మిగిలిన సీసా తెచ్చుకుంది. పరీక్షించి చూస్తే, ఆ పచ్చటి సరుకులో మలినంగా ఒక ఆమ్లం కొద్దిగా ఉంది. కొద్ది అంటే చాలా కొద్ది. అది స్ఫటికం పక్కలను పట్టుకుని అక్కడ పెరగనివ్వదు. పక్కలకు పెరగలేక స్ఫటికం కొసల వైపు సాగుతుంది. సాగితే కడ్డీ అవుతుంది. ఇన్నాళ్ళూ కడ్డీలను పెంచింది ఆ మురికి. ఆమె డబ్బు పోసి దాన్ని తీసేయించింది.

అది అర్థమైన రోజు ఆమె ల్యాబ్‌లో ఒక్కతే చాలాసేపు కూర్చుండిపోయింది. సంతోషం రాలేదు. ఇంకా భయమే ఉంది. శుద్ధమైన సరుకులో ఆ ఆమ్లాన్ని కొలిచి కలిపి చేసింది. ఎక్కువైతే అసలు పెరగలేదు. తగ్గిస్తే పెరిగాయి గానీ, మళ్ళీ గుండ్రటివే వచ్చాయేమో తేల్చుకునే దారి లేదు. రంగు చూసి ఆకారం చెప్పలేం. మైక్రోస్కోప్ చెప్పాలి.

కైరోలో ఇంకో మైక్రోస్కోప్ ఉంది. అక్కడికి తీసుకెళ్ళమని వగీహ్ చెప్పాడు. ఆమె వద్దంది.

ఏప్రిల్‌లో, ఖమ్సీన్ ధూళిగాలి కిటికీలు కొడుతున్న ఒక ఉదయం, ఆమె నేలమాళిగ మెట్లు దిగింది. హాతిమ్ లేచి నిలబడ్డాడు. చిక్కిపోయాడు. ఆ సంగతి అనకుండా ఆమె చిన్న పెట్టె బల్ల మీద పెట్టింది.

“ఇందులో కొన్ని కొత్తవి, కొన్ని పాతవి. ఏది ఏదో నీకు చెప్పను. ఏం కనబడితే అది చెప్పు.”

“కైరో వెళ్తావనుకున్నాను.”

“అక్కడివాళ్ళు ఉన్నాయని చెప్పినా నాకు నమ్మకం కలగదు. నువ్వు లేవంటే లేవు.”

అతను పెట్టె తెరిచాడు. మొదటిది చూశాడు. గుండ్రటివి. రెండోదీ అంతే. ఆమె ఈసారి అతని మొహం వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి కూర్చుంది. తర్వాతి దానికి అతను చాలాసేపు తీసుకున్నాడు. పైన ట్రామ్ వెళ్ళింది. అది దాటిపోయాక కూడా మీటల చప్పుడే వినబడుతోంది.

“ఏమిటి?” అంది ఆమె గోడవైపే చూస్తూ.

“ఆగు. ఇంకో చోట చూడనీ.”

ఇంకో చోట చూశాడు. ఆ తర్వాత మరో చోట.

“కడ్డీలు,” అన్నాడు. “ఎక్కడ చూసినా కడ్డీలే. నిలబడి ఉన్నాయి సుహైలా. పక్కపక్కన.”

ఆమె తిరగలేదు. భుజాలు కదలడం చూసి అతనికి తెలిసింది. లేచి దగ్గరికి వెళ్ళబోయి, తనకు ఆ హక్కుందో లేదో తెలియక మధ్యలో ఆగిపోయాడు. బల్ల మీది నీళ్ళ సీసా తెచ్చి ఆమె పక్కన పెట్టి, మళ్ళీ వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని వచ్చి తెర చూసింది. అంచున ఒరిగినవి పొడుగ్గా ఉన్నాయి. మిగతావాటికి, పైనుంచి చూస్తున్నందుకు, తలలే కనబడుతున్నాయి. తేనెపట్టు గళ్ళలా, ఒక్కోదాని చుట్టూ ఆరు చొప్పున, సందు లేకుండా.

“ఎలా చేశావు?” అని అడిగాడు.

“మురికి కలిపాను,” అంది. అతనికి అర్థం కాలేదు. ఆమె వివరించలేదు. పెట్టె మూసుకుని పైకి వెళ్ళిపోయింది.

మళ్ళీ సమావేశం. ఈసారి సుహైలా నిలబడి అంతా చెప్పింది. హాతిమ్ తను చూసింది చెప్పాడు. అప్పుడు ఒక సభ్యుడు గొంతు సవరించుకున్నాడు.

“వీళ్ళిద్దరూ కలిసి తిరిగేవాళ్ళని అందరికీ తెలుసు. ఇతను ఆమె కోసం చెప్పడం లేదని నమ్మకమేమిటి?”

 హాతిమ్ నోరు తెరవబోతే, డాక్టర్ ఇన్సాఫ్ చేతికర్రతో నేల మీద తట్టింది.

“కలిసి తిరిగే రోజుల్లో లేవన్నాడు. మాటల్లేని రోజుల్లో ఉన్నాయంటున్నాడు. ఇంతకంటే మంచి సాక్షిని నువ్వు తెస్తావా నాయనా?”

ఆ సభ్యుడు కాగితాలు సర్దుకున్నాడు. వ్యాసం వెనక్కి తీసుకోనక్కర్లేదు, కొత్త సంగతి చేర్చి మళ్ళీ అచ్చు వెయ్యమన్నారు. వగీహ్ వచ్చి సుహైలాను అభినందించాడు. హాతిమ్ చెయ్యి పట్టుకుని, ఏదో అనబోయి, అనలేక వదిలేశాడు.

సాయంత్రం ట్రామ్ స్టాపు దగ్గర సుహైలా నిలబడి ఉంటే, హాతిమ్ వచ్చి కొంచెం దూరంలో నిలబడ్డాడు. ఒక ట్రామ్ వచ్చింది. ఆమె ఎక్కలేదు. అతనూ ఎక్కలేదు.

“నువ్వు అస్యూత్ వెళ్ళిపోతున్నావని చెప్పుకున్నారు,” అంది ఆమె.

“అనుకున్నాను. ఆ మీటింగ్ అయిన వారం సామాన్లు కూడా కట్టాను.”

“మరి?”

“నీకు మళ్ళీ వస్తే చూసేవాడు ఉండాలి కదా.”

ఆమె అతని వైపు తిరిగింది. “మళ్ళీ వస్తాయనుకున్నావా?”

“అనుకున్నాను. నువ్వు లేనిది ఉందని చెప్పవు. ఒకసారి వచ్చాయన్నావంటే వచ్చినట్టే.”

“ఆ రోజు అందరి ముందూ ఈ మాట ఎందుకు చెప్పలేదు?”

“నేను చూశానా అని అడిగారు. నమ్ముతున్నానా అని ఎవరూ అడగలేదు.”

సుహైలా పట్టాల వైపు చూసింది. ఆ నెలలన్నీ తను ఎవరూ నమ్మని మనిషిననుకుని బతికింది. కింద ఆ గదిలో ఒకడు నమ్ముతూ కూర్చున్నాడని ఆమెకు తెలియదు.

“నీకు కోపం వస్తుందని తెలుసు,” అన్నాడు హాతిమ్. “నువ్వు పోతే పోయావనుకోలేదు. చాలా బాధపడ్డాను. అయినా ఇంకోలా చెప్పలేకపోయాను.”

“నాకు కోపం వచ్చింది నువ్వు చెప్పినందుకు కాదు. నువ్వన్నది నిజమైనందుకు,” అంది. కాసేపాగి, “ఇప్పుడు నన్ను ఏదైనా అడుగు. ఉన్నదే చెప్తాను.”

అతను కళ్ళద్దాలు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

“నన్ను పెళ్ళి చేసుకుంటావా?”

“మా నాన్నని ఒప్పించాలి. ఆయనకి నీ మీద చాలా కోపం.”

“నేనడిగింది అది కాదు.”

“చేసుకుంటాను,” అంది సుహైలా.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం హాతిమ్ తన తల్లిని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. ఆవిడ నల్లటి మేలిముసుగులో, ఒళ్ళో ఇంటి నెయ్యి డబ్బాతో సోఫా అంచున కూర్చుంది. రైల్లో అస్యూత్ నుంచి దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. సుహైలా తల్లి షర్బత్ తెచ్చింది. హనఫీ తీసుకోలేదు. ఆయన చూపంతా హాతిమ్ మీదే ఉంది.

“నా కూతుర్ని నలుగురిలో నిలబెట్టింది నువ్వేనా?”

“నేనేనండీ.”

“ఆ తర్వాత రెండు నెలలు ఈ ఇంట్లో అన్నం సరిగా తిన్నవాళ్ళు లేరు. తెలుసా నీకు?”

“ఇప్పుడు తెలిసింది.”

“రేపు మళ్ళీ అలాంటి రోజొస్తుంది. అడుగుతారు. అప్పుడేం చేస్తావు?”

హాతిమ్ తల్లి కొడుకు మోచేతిని మెల్లగా తాకింది. ఆలోచించి మాట్లాడమని. అతను ఆలోచించాడు.

“ముందు ఆమెకి చెప్తానండీ. తర్వాత అడిగినవాళ్ళకీ అదే చెప్తాను. ఆమె పక్కనే నిలబడి చెప్తాను. అప్పుడు అది చెయ్యలేదు. ఆమెని నమ్ముతున్నానని కూడా చెప్తాను, అడిగినా అడక్కపోయినా.”

హనఫీ కూతురి వైపు తిరిగాడు. “ఇలాంటివాడితో కాపురం కష్టమమ్మా. వంట బాలేకపోయినా బాలేదంటాడు.”

“బాగుంటే బాగుందంటాడు కదా నాన్నా,” అంది సుహైలా. “అప్పుడు నిజమని తెలుస్తుంది.”

ముసలాయన కాసేపు గ్లాసు వైపు చూశాడు. తర్వాత దాన్ని అందుకుని ఒక గుక్క తాగి, కింద పెట్టి, రెండు అరచేతులూ పైకి తెరిచాడు. అది చూసి హాతిమ్ తల్లి నెయ్యి డబ్బా పక్కన పెట్టి తనూ చేతులు తెరిచింది. సంబంధం ఖాయమైనట్టు అందరూ ఫాతిహా ప్రార్థన చదివారు. సగంలో హాతిమ్ గొంతు పూడుకుపోయింది. మిగతా సగం హనఫీ గొంతే నెమ్మదిగా, అతనికీ కలిపి, చివరిదాకా తీసుకెళ్ళింది.

అందరూ చేతులు మొహానికి రాసుకున్నారు. సుహైలా తల్లి వంటింటి గుమ్మంలోకి వెళ్ళి, నాలుక ఆడిస్తూ శుభవార్త కేక వేసింది. ఆ కేక, మేడ మధ్యలో వెలుతురు కోసం వదిలిన ఖాళీలోంచి అంతస్తులన్నీ ఎక్కింది. పైన ఎక్కడో ఒక ఆడమనిషి, ఎవరికి ఏం శుభం జరిగిందో తెలియకుండానే, కిటికీ తెరిచి తనూ గొంతు కలిపింది.